ఏడ్చే బిడ్డ గురించి సరే, పాలు మానేసి పడుకున్న బిడ్డ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య పసిపిల్లల తల్లిదండ్రుల గురించి ఒక వ్యాసం వచ్చింది. బిడ్డ తుమ్మినా దగ్గినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తకండి, కొత్తగా తల్లిదండ్రులైనవాళ్లకి టెన్షన్ మామూలే, కొన్నాళ్లకి అదే సర్దుకుంటుంది అన్నది దాని సారాంశం. రాసినవాళ్లు మంచి మనసుతోనే రాశారు, అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. కానీ ఎప్పుడు పరిగెత్తాలో ఒక్క ముక్క చెప్పకుండా, పరిగెత్తకండి అని మాత్రం చెప్పి వదిలేస్తే ఎలా? అది చదివి ధైర్యం తెచ్చుకుని ఇంట్లో ఉండిపోయేవాళ్లలో నిజంగా రావాల్సినవాళ్లు కూడా ఉంటారు. నా బాధ అదే. నేను పసిపిల్లల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, మందులు చెప్పను. వార్డు గుమ్మంలో నిలబడి బిడ్డల్ని చేతుల్లోకి తీసుకున్న మనిషిగా కొన్ని విషయాలు రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే అవుతుంది, దయచేసి పూర్తిగా చదవండి.

గుక్కపట్టి ఏడ్చే బిడ్డని ఇంటిల్లిపాదీ కలిసి పరుగున తీసుకొస్తారు, అర్ధరాత్రి అయినా సరే. వాళ్లలో చాలామంది మా దగ్గరికి వచ్చేసరికే ఊరుకుంటారు, లేదంటే తడిసిన గుడ్డ మార్చి తల్లి దగ్గర పట్టిస్తే ఊరుకుంటారు. నిన్నటి నుంచి సరిగ్గా పాలు తాగకుండా మగతగా పడుకున్న బిడ్డని మాత్రం నింపాదిగా, తెల్లారాక తెస్తారు. ఎందుకంటే ఆ బిడ్డ రాత్రి ఎవర్నీ లేపలేదు. "రాత్రంతా లేవనే లేదమ్మా, ఎంత బుద్ధిమంతుడో" అని ఒక అమ్మమ్మ సంతోషంగా చెప్తూ నా చేతికిచ్చిన బిడ్డ నాకింకా గుర్తు. చెయ్యి పైకెత్తి వదిలితే గుడ్డముక్కలా పడిపోయింది. అరికాలి మీద వేలితో తట్టినా మొహం చిట్లించాడే తప్ప ఏడవలేదు. పొట్ట ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకేసింది. చాలా రోజులు వార్డులో ఉంచి మందులు ఎక్కిస్తే కోలుకున్నాడు, మంచిగా ఇంటికి వెళ్లాడు. ఆ అమ్మమ్మని నేను తప్పు పట్టను, ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే.

పెద్దవాళ్లకి జబ్బు చేస్తే జ్వరం వస్తుంది, ఒణుకు వస్తుంది, నొప్పి అని నోటితో చెప్తారు. పుట్టి నాలుగు రోజులైన బిడ్డకి అంత శక్తి ఉండదు. ఆ బిడ్డ రోజు మొత్తంలో చేసే కష్టమైన పని ఒక్కటే, పాలు తాగడం. పీల్చాలి, మింగాలి, మధ్యలో ఊపిరి తీసుకోవాలి, మూడూ ఒకదానితో ఒకటి కుదరాలి. అందుకే ఒంట్లో ఏ తేడా వచ్చినా, అది ఇన్ఫెక్షన్ కావచ్చు, గుండె లోపం కావచ్చు, చక్కెర పడిపోవడం కావచ్చు, ముందుగా దెబ్బతినేది పాలు తాగడమే. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 6 దేశాల్లో, జబ్బు చేసిందని తీసుకొచ్చిన రెండు నెలల్లోపు పిల్లల్ని పరీక్షించి, ఏ లక్షణాలుంటే బిడ్డని ఆసుపత్రిలో చేర్చుకోవాల్సినంత పెద్ద జబ్బు ఉందో చూశారు. చివరికి 7 లక్షణాలు తేల్చారు. పాలు తాగలేకపోవడం, ఫిట్స్ రావడం, ఎవరైనా కదిపితే తప్ప తనంతట తాను కదలకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీసుకోవడం, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము కింది భాగం బాగా లోపలికి గుంజుకుపోవడం, ఒంటి వేడి 37.5 డిగ్రీల సెల్సియస్, ఆపైన ఉండటం, లేదా 35.5 కన్నా కిందికి పడిపోవడం. ఈ ఏడింటిలో ఏడుపు లేదు, గమనించండి. ప్రపంచమంతటా ఆరోగ్య కార్యకర్తలకి నేర్పేది కూడా దాదాపు ఈ లక్షణాలే. తల్లికి మాత్రం ఎవరూ నేర్పరు, బిడ్డ పక్కన 24 గంటలూ ఉండేది ఆమే అయినా.

పాలు తాగుతున్నాడా లేదా అన్నది ఎలా తెలుస్తుంది అని అడగని తల్లి లేదు. సీసాలో అయితే కొలత కనిపిస్తుంది, రొమ్ముపాలకి కొలత ఎక్కడుంది? కొలత రెండో వైపు నుంచి దొరుకుతుంది, ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు అన్నదాన్నిబట్టి. మొదటి రోజు ఒక్కసారి, రెండో రోజు రెండుసార్లు పోసినా చాలు. అయిదో రోజు నుంచి మాత్రం 24 గంటల్లో ఆరుసార్లయినా గుడ్డ బాగా తడవాలి. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద నారింజ రంగు మరక కనిపిస్తే రక్తం అనుకుని హడలిపోతారు, చాలావరకు అది చిక్కటి మూత్రంలో ఉండే స్ఫటికాల మరక. అదే మరక అయిదో రోజు తర్వాత కూడా కనిపిస్తే పాలు సరిపోవడం లేదని అర్థం, చూపించాలి. పాలు తాగేటప్పుడు బిడ్డ చెవి ముందు దవడ కదులుతోందా, మధ్యమధ్యలో గుటక వినిపిస్తోందా చూడండి. పెదాలు ఊరికే ఆడించి నిమిషంలో నిద్రపోతే అది తాగినట్టు కాదు. పసిబిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతాడు. పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా మూడు నాలుగు గంటలు దాటితే లేపి మరీ పట్టాలి. గుడ్డలు వదులు చేసి, పాదాలు నిమిరి, ఒకసారి ఎత్తుకుని చూస్తే లేస్తాడు. ఎంత లేపినా లేవకపోతే, లేచినా నోరు తెరవకపోతే, వరసగా రెండుసార్లు అలా జరిగితే, ఇంక మూడోసారి కోసం చూడొద్దు. ఆసుపత్రికి బయల్దేరండి.

బరువు తగ్గిందని కంగారు పడేవాళ్లకి ఒక మాట. పుట్టిన మొదటి రోజుల్లో ఏ బిడ్డైనా కాస్త తగ్గుతుంది. మూడు కిలోల బిడ్డ ఒక రెండు వందల గ్రాములు తగ్గితే అది మామూలే, రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ అక్కడికి రావాలి. పదోవంతు, అంటే మూడు కిలోల బిడ్డ మూడు వందల గ్రాములు తగ్గితే మాత్రం పాలు పట్టే తీరు ఎవరైనా దగ్గరుండి చూడాలి. ఇక్కడ తల్లికి పాలు లేవు అని తీర్పు చెప్పేవాళ్లు చుట్టూ తయారవుతారు. చాలాసార్లు పాలు ఉంటాయి, బిడ్డ రొమ్ము అందుకునే తీరే సరిగ్గా ఉండదు. కూర్చునే భంగిమ మార్చి, బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టిస్తే ఆ పూటే తేడా తెలిసిన తల్లుల్ని ఎంతమందినో చూశాను.

జ్వరం దగ్గరికొస్తే నేను కాస్త గట్టిగానే చెప్తాను. మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, ఉందంటే అది రేపు పొద్దున్న చూద్దాం అనే జ్వరం కాదు. ఆ రాత్రే చూపించాలి. ఏడాది పిల్లాడికి అదే జ్వరం వస్తే ఆడుకుంటూ ఉంటాడు, తగ్గిపోతుంది. నెలలోపు బిడ్డలో ఇన్ఫెక్షన్ ఒక చోట ఆగదు, గంటల్లో రక్తంలోకి, మెదడు పొరల్లోకి వెళ్లగలదు. అందుకే డాక్టర్లు రక్తం తీస్తారు, మూత్రం పరీక్షిస్తారు, ఒక్కోసారి వెన్ను నుంచి నీరు కూడా తీస్తామంటారు. అది వినగానే చిన్న ప్రాణానికి ఇన్ని సూదులా అని సంతకం పెట్టకుండా బిడ్డని ఎత్తుకుని వెళ్లిపోయినవాళ్లని చూశాను. మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఆ నీటిని చూస్తే తప్ప నమ్మకంగా తెలియదు. అనుమానం ఉంటే అడగండి, ఎందుకు చేస్తున్నారో విడమరిచి చెప్పించుకోండి, వెళ్లిపోకండి.

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ తప్పకుండా ఉంచుకోండి. బట్టలకీ బొమ్మలకీ పెట్టే ఖర్చులో అదెంత. చంకలో పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి, కూత వచ్చేదాకా పట్టుకోవాలి. అరచెయ్యి నుదుటి మీద పెట్టి వేడిగా ఉంది, లేదు అని చెప్పడం మా నర్సులకే చేతకాదు. 99.5 దాటి, 100.4 లోపు ఉంటే ముందు చుట్టిన దుప్పటి, టోపీ తీసి, కాసేపు మామూలు గుడ్డల్లో ఉంచి మళ్లీ చూడండి, చాలాసార్లు చుట్టడం ఎక్కువై ఒళ్లు వేడెక్కుతుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. అంతేగానీ ఇంట్లో ఉన్న జ్వరం చుక్కలు వేసి తగ్గిందిలే అనుకోవద్దు, ఆ వయసులో మందు వేస్తే వేడి తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, డాక్టర్‌కి కనపడాల్సిన గుర్తు కూడా పోతుంది. ఇక చల్లబడటం గురించి ఎవరూ మాట్లాడరు. ఒంటి వేడి 97.7 కన్నా తగ్గితే వెంటనే తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాలి. అలా చేసినా వేడెక్కకపోతే, లేదా 95.9 కన్నా కిందికి పోతే, అది జ్వరమంత ప్రమాదం. ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడా బిడ్డ తల్లి ఒంటికి ఆనుకునే ఉండాలి.

ఊపిరి చూడటం నేర్చుకోవడం అన్నిటికన్నా సులువు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట చూడండి, ఎందుకంటే పసివాళ్లకి ఊపిరితో కదిలేది పొట్టే. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. నిమిషం మొత్తం లెక్కపెట్టాలి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. ఎందుకు తప్పు వస్తుందంటే పసిబిడ్డ ఒకే తీరుగా ఊపిరి తీసుకోడు, గబగబా నాలుగు పీల్చి, అయిదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతాడు. ఆ ఆగడం చూసి గుండె ఆగినంత పనై లేచి కూర్చునే తండ్రులున్నారు, ఆ మాత్రం మామూలే. 60 వస్తే ఇంకొక్కసారి లెక్కపెట్టండి, అప్పుడూ 60 గానీ అంతకు పైన గానీ ఉంటే బయల్దేరండి. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు ప్రతి ఊపిరికీ విచ్చుకుంటున్నా, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు వినిపిస్తున్నా లెక్క కూడా అక్కర్లేదు. ఊపిరి మధ్య విరామం 20 సెకన్లకి పోయినా, పెదాలూ నాలుకా నీలంగా మారినా అది అంబులెన్స్ పిలవాల్సిన సమయం. చేతులూ పాదాలూ మాత్రమే కాస్త నీలంగా ఉండి, నాలుక గులాబీ రంగులోనే ఉంటే మొదటి రోజుల్లో భయపడక్కర్లేదు.

కామెర్ల విషయంలో నేను చూసినంత గందరగోళం ఇంకెక్కడా చూడలేదు. నెలలు నిండి పుట్టిన ప్రతి పది మందిలో ఆరుగురికి ఎంతో కొంత పసుపు వస్తుంది, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి ఇంకా ఎక్కువ. పాత ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది, దాన్ని వదిలించాల్సిన కాలేయం ఇంకా పనిలో పూర్తిగా కుదురుకోదు, అంతే. మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. చిక్కేమిటంటే చాలామంది తల్లీబిడ్డలు సరిగ్గా అది పెరిగే ముందే ఇంటికి వెళ్లిపోతారు. ఇంటికి వెళ్లాక చూసేది మీరే కాబట్టి ఎలా చూడాలో చెప్తాను. బల్బు కింద చూడొద్దు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ముక్కు మీదో నుదుటి మీదో వేలితో మెత్తగా నొక్కి వదలండి, ఆ చోటు తెల్లబడాల్సింది పసుపుగా కనిపిస్తే కామెర్లు ఉన్నట్టే. చామనఛాయ, నలుపు ఒళ్లున్న బిడ్డలకి కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు చూడాలి. పసుపు మొహం నుంచి కిందికి దిగుతుంది. అరచేతులూ అరికాళ్లూ పచ్చబడ్డాయంటే చాలా ఎక్కువైందని అర్థం. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, పసుపుతో పాటు బిడ్డ మగతగా ఉండి పాలు మానేసినా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. మితిమీరిన బిలిరుబిన్ మెదడులో చేరితే వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ జీవితాంతం స్వాధీనంలో లేకుండా పోవచ్చు. అంత నష్టాన్ని ఆపే వైద్యం మరీ పెద్దదేమీ కాదు, వేళకి నీలి దీపం కింద పడుకోబెట్టడమే.

ఆ దీపం వెనక మా వృత్తికి గర్వంగా ఉండే కథ ఒకటుంది. 1950ల్లో ఇంగ్లండ్‌లో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, ఎండలో ఉంచిన బిడ్డ ఒంటి మీద ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, గుడ్డ కప్పిన చోట అలాగే ఉండిపోవడం గమనించి డాక్టర్లకి చూపించింది. అక్కడి డాక్టర్లు దాని మీద పనిచేసి 1958లో లాన్సెట్‌లో ప్రకటించారు. అందరూ ఆ సగం కథ పట్టుకుని, అయితే ఎండలో పడుకోబెడితే పోతుంది కదా అంటారు. ఎండ ఎంత తగిలిందో కొలవలేం, లేత చర్మం కమిలిపోతుంది, బట్టలు తీస్తే ఒళ్లు చల్లబడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఎండలో పెట్టాం కదా అనే భరోసాతో రక్తపరీక్షకి రావడం ఆలస్యమవుతుంది. పరీక్ష చేయించి, డాక్టర్ ఫర్వాలేదన్నాక మిగతా మాట.

రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే, బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా మళ్లీ చూపించాలి. రొమ్ముపాల వల్ల కూడా అలా ఉండొచ్చు, అది ప్రమాదం కాదు. కానీ ఆ మాట పరీక్ష చేసి చెప్పాలి, పక్కింటివాళ్లు చెప్తే చాలదు. ముఖ్యంగా మలం రంగు చూడండి. పసుపు, ఆకుపచ్చ, ఆవాల రంగు ఏదైనా ఫర్వాలేదు. తెల్లగా, సుద్ద రంగులో, పాలిపోయి ఉంటే, మూత్రం ముదురు రంగులో గుడ్డకి మరక అంటిస్తుంటే, కాలేయం నుంచి పైత్యరసం కిందికి దిగే గొట్టాలు మూసుకుపోయి ఉండొచ్చు. దానికి ఆపరేషన్ ఉంది, పుట్టిన 60 రోజుల్లోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమైనకొద్దీ కాలేయం చెడిపోతుంది. ఆ గుడ్డని ఉతికేయకుండా ఒక ఫొటో తీసి, వీలైతే గుడ్డతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

వాంతుల గురించి క్లుప్తంగా చెప్తాను. తాగిన పాలలో కొంచెం కక్కడం అందరు పిల్లలూ చేస్తారు, బరువు పెరుగుతున్నంతకాలం దానికి మందు అక్కర్లేదు. ఆకుపచ్చ రంగు వాంతి మాత్రం ఒక్కసారి అయినా సరే, పేగు మెలిపడిందేమో చూడాల్సిన అత్యవసరం, గంటలు లెక్కలోకి వస్తాయి. రెండు మూడు వారాల వయసులో మొదలై, తాగిన ప్రతిసారీ దూరంగా పిచికారీలా ఎగజిమ్మి, వెంటనే మళ్లీ ఆకలితో ఏడిస్తే, కడుపులోంచి పాలు పేగులోకి దిగే ద్వారం బిగుసుకుపోయి ఉండొచ్చు, అదీ చూపించాల్సిందే.

ఇక మీ వ్యాసం చెప్పిన భరోసా నిజంగా వర్తించేవి చాలానే ఉన్నాయి, వాటిని కూడా పేర్లతో చెబితేనే తల్లికి ధైర్యం. ఎక్కిళ్లు, తుమ్ములు, నిద్రలో ముక్కడం, చప్పుడుకి చేతులు రెండూ చాచి ఉలిక్కిపడటం, మొదటి వారంలో చర్మం పొరలు లేవడం, ముక్కు మీద తెల్లటి చుక్కలు, ఒంటి మీద ఎర్రటి మచ్చలు వచ్చి పోవడం, ఆడైనా మగైనా రొమ్ములు కాస్త ఉబ్బడం, ఆడపిల్లకి గుడ్డలో ఒకటి రెండు రక్తపు చుక్కలు, ఇవన్నీ మామూలు. ఆఖరి రెండూ తల్లి హార్మోన్ల వల్ల వచ్చేవి, వాటంతటవే పోతాయి, రొమ్ముల్ని పిండకూడదు. పాలు తాగినప్పుడల్లా మలవిసర్జన చేసినా, నెల దాటాక రెండు మూడు రోజులకోసారి మెత్తగా చేసినా రొమ్ముపాల బిడ్డకి రెండూ మామూలే. వణుకు వస్తే చేతిని మెత్తగా పట్టుకుని చూడండి, పట్టుకోగానే ఆగితే చాలావరకు ఉత్త వణుకే. పట్టుకున్నా ఆగకుండా కొట్టుకుంటున్నా, కళ్లు ఒక పక్కకి నిలిచిపోయినా, నోరు చప్పరిస్తూ కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడుతూ పిలిస్తే స్పృహ లేనట్టున్నా అవి ఫిట్స్ కావచ్చు. పసివాళ్ల ఫిట్స్ పెద్దవాళ్ల ఫిట్స్‌లా ఉండవు, అందుకే చాలామంది పోల్చుకోలేరు. ఫోన్‌లో వీడియో తీసి, ఆలస్యం చేయకుండా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

బొడ్డు విషయంలో ఒకటే మాట. పొడిగా ఉంచండి, ఏమీ రాయకండి, దానంతటదే రెండు వారాల్లోపు రాలుతుంది. రాలేటప్పుడు చిన్న రక్తపు మరక ఉంటుంది. చుట్టూ చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పొట్ట మీదికి పాకుతున్నా, చీము వాసన వస్తున్నా అది ఆ రోజే చూపించాలి.

ఏడుపు గురించి కూడా చెప్పకపోతే అన్యాయం, ఎందుకంటే తల్లిదండ్రుల నిద్ర, ఓపిక కరిగిపోయేది అక్కడే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏడుపు రెండో వారం నుంచి పెరిగి, ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. సాయంత్రాల్లో గంటల తరబడి ఏడ్చి, మిగతా వేళల్లో హాయిగా తాగి బరువు పెరిగే బిడ్డకి చాలావరకు జబ్బు ఉండదు. ఎంత ఎత్తుకున్నా ఊరుకోక కోపం వస్తే, బిడ్డని మంచం మీద వెల్లకిలా సురక్షితంగా పడుకోబెట్టి పక్క గదిలోకి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి, ఇంకొకరికి అప్పగించండి. ఒక్క క్షణం ఆవేశంలో బిడ్డని పట్టి ఊపేస్తే మెదడులో రక్తనాళాలు తెగుతాయి. ఏడుపు తీరు మారిపోయి కీచుగా, సన్నగా, ఎప్పుడూ విననట్టు ఉంటే, లేదా నడినెత్తి మీద మాడు ఉబ్బి ఉంటే, అప్పుడు ఆ ఏడుపుకి డాక్టర్ కావాలి.

ఏ తేడా లేకపోయినా వెళ్లాల్సిన రోజులు కూడా కొన్ని ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం, పుట్టాక మొదటి 24 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి, 7 నుంచి 14 రోజుల మధ్య ఒకసారి, ఆరో వారంలో ఒకసారి తల్లినీ బిడ్డనీ చూడాలి. మూడో రోజు చూడటం అన్నది నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పసుపు, పాలు, బరువు మూడూ తేలేది అప్పుడే. అదే సంస్థ లెక్కల్లో 2022లో ప్రపంచం మొత్తం మీద 23 లక్షల మంది బిడ్డలు మొదటి 28 రోజుల్లోపే చనిపోయారు. అందులో నెలలు నిండకపోవడం, పుట్టుక సమయంలో ఊపిరాడకపోవడం, ఇన్ఫెక్షన్లు పెద్ద కారణాలు. ఇన్ఫెక్షన్ అయితే వేళకి వస్తే చాలావరకు నయమయ్యేదే, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల విషయంలో నేను పైన చెప్పిన ప్రతిదానికీ ఇంకా ముందే కదలాలి.

డాక్టర్లకీ, నా తోటి నర్సులకీ, ఇంట్లో పెద్దవాళ్లకీ కూడా ఒక విన్నపం. ఏమీ లేని దానికి తీసుకొచ్చావు అని బాలింతని చిన్నబుచ్చకండి. ఒకసారి అలా మాట పడ్డ తల్లి, రెండోసారి నిజంగా రావాల్సినప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. "ఏంటో చెప్పలేనండీ, వీడు రోజూలా లేడు" అని తల్లి అంటే మా వార్డులో పాత డాక్టర్లు బిడ్డని పూర్తిగా బట్టలు విప్పి చూడకుండా పంపేవారు కాదు. రాత్రీ పగలూ ఆ మొహమే చూస్తున్న మనిషికి తేడా అందరికన్నా ముందు తెలుస్తుంది. వాట్సాప్‌లో ఫొటో పెట్టి ఇది మామూలేనా అని నలుగురినీ అడిగే తల్లిదండ్రులకి నేను చెప్పేది కూడా అదే, ఫొటోలో ఊపిరి కనపడదు, ఒంటి వేడి తెలియదు, పాలు తాగిందో లేదో తెలియదు. జవాబులు వచ్చేలోపు ఆసుపత్రికి ఫోన్ చేయొచ్చు. ఫోన్‌లో కూడా వివరం సూటిగా చెప్పండి, బిడ్డకి ఎన్ని రోజులు, నెలలు నిండి పుట్టాడా, ఆఖరిసారి ఎప్పుడు బాగా తాగాడు, నిన్నటి నుంచి ఎన్నిసార్లు గుడ్డ తడిపాడు, థర్మామీటర్ ఎంత చూపించింది. ఈ అయిదూ చెబితే అవతల ఉన్నవాళ్లు ఒక్క నిమిషంలో రమ్మనాలో వద్దో తేల్చుకోగలుగుతారు.

ఇప్పుడు మీ పత్రికని అడిగేది. ఆసుపత్రుల్లో డిశ్చార్జ్ కాగితం మీద ఎప్పుడు తిరిగి రావాలో రాసే ఉంటుంది, కానీ ఇంగ్లీషులో, పొట్టి అక్షరాల్లో, మందుల పేర్ల కింద ఎక్కడో ఒక మూల. తల్లికి ఇంటికి వెళ్లే హడావిడిలో అది ఎవరూ చదివి చెప్పరు. ఆ లక్షణాలే వాడుక తెలుగులో, పెద్ద అక్షరాల్లో, కత్తిరించి గోడకి అతికించుకునేంత సైజులో మీరు ఆరోగ్యం పేజీలో వేయండి. ఒకసారి వేసి వదిలేస్తే ఆ వారం పత్రిక చూడనివాళ్లకి అందదు, నెలకోసారైనా అదే చోట వేయండి. పక్కనే బిడ్డ డాక్టర్ ఫోన్ నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఇంటివాళ్లే రాసుకోవడానికి రెండు ఖాళీ గీతలు వదలండి. రాసిపెట్టే పని నేను చేస్తాను. నాతో పనిచేసిన పిల్లల డాక్టర్లకి చూపించి, ప్రతి అంకె సరిచూసి మీకు పంపిస్తాను. ఎంత చోటు ఇవ్వగలరో చెప్పండి చాలు.

ఇట్లు,
పసిపిల్లల వార్డులో పనిచేసి రిటైరైన ఒక నర్సు